నలభై ఏడో భాగహారం

పళ్ళ చక్రాలు కోసే ఆ వర్క్‌షాపులో అతన్ని అందరూ శేషం అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది, అక్కడే ఉండిపోయింది. ఏ అంకె ఇచ్చినా దాన్ని మరో అంకెతో భాగించి, చివరికి ఎంత మిగిలిందో చూడటమే అతని ఉద్యోగం. పొద్దున్న వచ్చి బల్ల ముందు కూర్చున్నాడంటే "పదిహేడుకి పది మిగిలింది, పందొమ్మిదికి తొమ్మిది మిగిలింది" అని సాయంత్రం దాకా గొణుక్కుంటూనే ఉంటాడు. అలాంటివాడికి ఇంకేం పేరు పెడతారు?

చక్రాల కోతకీ భాగహారాలకీ ఏం సంబంధమని అడిగేవాళ్ళుంటారు. చెప్తాను. ఒక ఇరుసు వందసార్లు తిరిగితే ఇంకో ఇరుసు ఒక్కసారి తిరగాలని ఆర్డరు వచ్చిందనుకోండి. వంద పళ్ళ చక్రం కోసి దాని పక్కన స్క్రూలా మరలు చుట్టిన కడ్డీ ఒకటి బిగిస్తారు. కడ్డీ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా చక్రం ఒక్క పన్ను జరుగుతుంది. అదే పదివేలసార్లయితే? పదివేల పళ్ళ చక్రం ఎవడు కోస్తాడు, కోసి ఏ గదిలో పెడతాడు? అందుకని వంద పళ్ళవి రెండు చేసి ఒకదాని వెనక ఒకటి బిగిస్తారు. వందని వందతో హెచ్చవేస్తే పదివేలు. అంటే పెద్ద అంకె వస్తే ముందు దాన్ని చిన్న అంకెలుగా విడగొట్టాలి. ఆ వర్క్‌షాపు యంత్రం మూడు వందల అరవై పళ్ళకి మించి కోయలేదు కాబట్టి ఏ ముక్కా అంతకి మించకూడదు. కొన్ని అంకెలు పిలిస్తే పలికినట్టు విడిపోతాయి. కొన్ని ఒకటికీ, తమకీ తప్ప ఇంకెవరికీ లొంగవు. బళ్ళో వాటిని ప్రధాన సంఖ్యలంటారు. వర్క్‌షాపులో మొండివి అనేవారు.

విడిపోయిన ముక్కల్ని శేషం ఒక చీటీ మీద రాసిచ్చేవాడు. చీటీ ప్రకారం పళ్ళు కోసేది పళ్ళ మేస్త్రి. ఆ పేరు విని, వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు చెంప పట్టుకుని మేస్త్రి తలుపు కొట్టిన రోజులూ ఉన్నాయి. "నా దగ్గర ఇత్తడి పళ్ళే ఉన్నాయమ్మా, సరేనంటే కూర్చో" అనేవాడు. శేషం కన్నా పద్నాలుగేళ్ళు పెద్ద. మాట కరుకు, చెయ్యి మెత్తన. కోసిన పన్నుని గోరుతో తడిమి, వెంట్రుక వాసి తేడా ఉన్నా చక్రం మొత్తం కరగబెట్టమనేవాడు.

వాళ్ళిద్దరి మధ్యా ఒక కట్టుబాటు ఉండేది. శేషం చీటీ ఇచ్చాక దాన్ని మళ్ళీ ఎవరూ గుణించి చూడకూడదు. ఒకసారి కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు చీటీ పట్టుకుని పెన్సిలు తీశాడు. మేస్త్రి పనిముట్లు బల్ల మీద పెట్టేసి, చేతులు తుడుచుకుని బయటికి వెళ్ళి కూర్చున్నాడు. "వాడి చీటీ మీద నమ్మకం లేకపోతే నా చేతి మీదా లేనట్టే. వాడు సగం, నేను సగం" అన్నాడు. సూపర్‌వైజరు పెన్సిలు జేబులో పెట్టుకున్నాక గాని లోపలికి రాలేదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. వచ్చిన అంకె మొండిదైతే, దానికి దగ్గరలో విడిపోయే అంకె ఒకటి చూసి ఆ ముక్కల్నే రాసిస్తాడు. అప్పుడు మాత్రం చీటీ కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి, తేడా ఎంతో రాయాలి. ఎర్ర గీత కనిపిస్తే మేస్త్రి వచ్చి బల్ల దగ్గర నిలబడి "అన్నీ చూశావా తమ్ముడూ?" అని ఒక్క ముక్క అడుగుతాడు. "చూశానన్నా" అంటే వెళ్ళిపోతాడు.

శేషం అలా పద్దెనిమిదేళ్ళు చేశాక సైన్సు మ్యూజియం నుంచి ఆ ఆర్డరు వచ్చింది. వాళ్ళు తోకచుక్క నమూనా ఒకటి కట్టిస్తున్నారు. అద్దాల పెట్టెలో పెద్ద ఇత్తడి వలయం, దాని మీద జరిగే గాజు పూస. కింద మోటారు, కరెంటు పోయినా బ్యాటరీ మీద ఆగకుండా, నిమిషానికి ఒక్కసారి తిరుగుతుంది. పూస వలయాన్ని ఒకసారి చుట్టి రావడానికి దాదాపు ఇరవైన్నర ఏళ్ళు పట్టాలి. చుట్టు పూర్తయిన క్షణాన చిన్న సుత్తి లేచి కంచు బిళ్ళ మీద ఒకే ఒక్క దెబ్బ కొడుతుంది. మోటారు ఎన్నిసార్లు తిరిగితే పూస ఒకసారి తిరగాలో మ్యూజియం డైరెక్టరు కాగితం మీద రాసి పంపాడు. 1,07,75,137. కోటీ ఏడు లక్షల డెబ్భై అయిదు వేల నూట ముప్ఫై ఏడు.

మేస్త్రి ఆ కాగితం పట్టుకుని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. "ఇన్నాళ్ళూ పిండి మరలకీ నీళ్ళ పంపులకీ కోశాను రా. ఇది నేను పోయాక కూడా తిరుగుతుంది. ఆ ఒక్క దెబ్బ వినేదాకా బతికితే చాలు" అన్నాడు.

శేషం అంకెని ముందు పెట్టుకున్నాడు. చివర ఏడు ఉంది కాబట్టి రెండూ అయిదూ గుమ్మంలోనే ఆగిపోయాయి. అంకెలన్నీ కూడితే ముప్ఫై ఒకటి, కనక మూడు పోదు. ఏడుకి రెండు మిగిలింది. పదకొండుకి పది మిగిలింది. ఒక్కటి ఎక్కువుంటే పోయేదే. పదమూడుకి తొమ్మిది. మూడు వందల అరవై లోపల మొండి అంకెలు డెబ్భై రెండు ఉన్నాయి. వాటన్నిటితో భాగించి చూడాలి. మిగతా అంకెలతో పని లేదు, అవన్నీ ఈ మొండివాటి సంతానమే. ఇరవై మూడు, ఇరవై తొమ్మిది, ముప్ఫై ఒకటి. జేబులో పట్టే లెక్కల మిషన్లు అప్పటికింకా అటువైపు రాలేదు. ఒక్కో భాగహారం రెండుసార్లు చేసి సరిచూసుకుంటే పది నిమిషాలు. నూరు దాటాక అంకెలు బరువెక్కాయి. నూట అరవై ఏడు, నూట డెబ్భై మూడు. ఎప్పుడూ ఏదో ఒకటి మిగులుతూనే ఉంది. రెండో రోజు మధ్యాహ్నం మూడింటికి నూట తొంభై తొమ్మిదితో భాగించాడు. ఎనభై మూడు మిగిలింది. అది నలభై ఆరో భాగహారం.

అక్కడ ఆగిపోయాడు.

ఇక్కడ మీరు ఏదైనా సాకు వెతుకుతారని నాకు తెలుసు. పెళ్ళానికి జబ్బేమో, పిల్లాడికి జ్వరమేమో అని. అదేం లేదు. పెళ్ళాం నిక్షేపంలా ఉంది. పిల్ల పరీక్ష పాసయింది. ముందు రోజు కంటినిండా నిద్ర కూడా పోయాడు. మనిషి అలిసిపోయాడు, అంతే. పద్దెనిమిదేళ్ళు రోజూ ఒకే కుర్చీలో కూర్చుని మిగిలింది మిగిలింది అంటూ బతికినవాడికి ఒకానొక మధ్యాహ్నం చెయ్యి లేవదు. దానికి కారణం చెప్పమంటే ఎవడు చెప్పగలడు? నూట తొంభై తొమ్మిది తర్వాతి మొండి అంకె రెండు వందల పదకొండు. మధ్యలో పదకొండు అంకెలు ఎందుకూ పనికిరాని బీడు. ఆ బీడు అంచున కూర్చుని, ఇన్నిటికి లొంగనిది ఇంకేం లొంగుతుందిలే అనుకున్నాడు. పద్దెనిమిదేళ్ళుగా కట్టుకున్న హెచ్చవేతల పుస్తకం తెరిచి దగ్గరి అంకె వెతికాడు. 204, 221, 239 దొరికాయి. మూడూ హెచ్చవేస్తే అడిగినదానికి అరవై ఒకటి తక్కువ. అంటే ఇరవైన్నర ఏళ్ళకి అరవై ఒక్క నిమిషాలు ముందు. మన ఊరి బస్సు ఏ రోజైనా అంత నిక్కచ్చిగా వచ్చిందా?

చీటీ రాశాడు. ఎర్ర పెన్సిలు తీశాడు. గీత గీస్తే మేస్త్రి వస్తాడు. "అన్నీ చూశావా తమ్ముడూ?" అంటాడు. మిగిలినవి ఇరవై ఆరు. పెన్సిలు మళ్ళీ సొరుగులో పెట్టేశాడు.

ఎర్ర గీత లేని చీటీ చూసి మేస్త్రి ముఖం వెలిగిపోయింది. "భలే అంకె ఇచ్చారు, చక్కగా విడిపోయింది!" అన్నాడు. మూడు చక్రాలకి నాలుగు నెలలు పట్టాయి. అవి బిగించాక డైరెక్టరు, మహా పద్ధతి గల మనిషి, దెబ్బ సరిగ్గా పగలు పదకొండింటికి పడేలా వెనక్కి లెక్కగట్టి, ఒక సాయంత్రం అయిదూ ఇరవై మూడుకి మోటారు మీట నొక్కాడు. ఆ తేదీ, పదకొండు గంటలు అని రాతి పలక మీద చెక్కించాడు కూడా.

ఆర్నెల్లు గడిచాయి. ఒక రోజు పని లేక కూర్చున్న శేషం, చెయ్యి ఊరికే ఉండక, నలభై ఏడోది చేసి చూశాడు. కోటీ ఏడు లక్షల చిల్లర, భాగించు రెండు వందల పదకొండు. కిందికి దించిన చివరి అంకె దగ్గర సున్నా వచ్చింది. నమ్మక మళ్ళీ చేశాడు. సున్నా. వచ్చిన భాగఫలం యాభై ఒక్క వేల అరవై ఏడు. అదీ విడిపోయింది, రెండు వందల ఇరవై మూడు, రెండు వందల ఇరవై తొమ్మిది. మూడు మొండి అంకెలు, పద్దెనిమిది అంకెల దూరంలో ఇరుగుపొరుగుల్లా ఉన్నవి, ఆ బీడు దాటగానే తలుపు తీసుకుని కూర్చుని ఉన్నాయి. పది నిమిషాల్లో దొరికేవి.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చక్రాలు అద్దాల పెట్టెలో తిరుగుతున్నాయి, మేస్త్రి ఆదివారాల్లో చుట్టాల్ని తీసుకెళ్ళి మరీ చూపించుకుంటున్నాడు. ఆ రోజు నుంచి శేషం మాత్రం ప్రతి అంకెకీ డెబ్భై రెండూ చేసేవాడు, రెండో మూడో అంకెకే తేలిపోయినా సరే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. మిషన్లు వచ్చాక కూడా కాగితం మీద చేసేవాడు. "ఎందుకండీ ఇంత అవస్థ?" అని పెళ్ళాం అడిగితే "అలవాటు" అనేవాడు. మ్యూజియం మాట వస్తే చాలు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు లేచి వెళ్ళిపోయేవాడు. ఇరవై ఏళ్ళు అలా దాచుకోవడం డెబ్భై రెండు భాగహారాల కన్నా చాలా పెద్ద చాకిరీ. అతను నిజంగా అలిసిపోయింది దానితోనే.

రాతి పలక మీది తేదీ దగ్గరికొచ్చింది. శేషం రిటైరయి నాలుగేళ్ళయింది. మేస్త్రికి డెబ్భై ఆరు. మోకాళ్ళు పోయాయి, ఎడమ చెవి పోయింది, చూపు సగం. పోస్టాఫీసులో పనిచేసే కూతురింట్లో ఉంటున్నాడు. మ్యూజియం వాళ్ళు ఇద్దరికీ ఆహ్వానం పంపారు. మేస్త్రి దాన్ని దిండు కింద పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ చదివించుకున్నాడు.

ముందురోజు మధ్యాహ్నం శేషం వాళ్ళింటికి వెళ్ళాడు. దారి పొడుగునా లెక్కలు వేసుకున్నాడు. ఏమీ చెప్పకపోతే, పదకొండింటికి అందరూ చెవులు రిక్కించుకుని కూర్చుంటారు, దెబ్బ పడదు. చక్రాల కోత తప్పంటారు. ఏదో వంకతో మేస్త్రిని పెందలాడే తీసుకెళ్తే, దెబ్బ ముందే పడుతుంది, తన చెయ్యి తప్పిందని మేస్త్రే అనుకుంటాడు. ఎటు భాగించినా మిగిలేది మేస్త్రి నెత్తిమీదే.

"రా తమ్ముడూ. రేపు ఎన్నింటికి బయల్దేరదాం?" అన్నాడు మేస్త్రి. 

"తొమ్మిదింటికి. దెబ్బ పదకొండింటికి పడదన్నా. తొమ్మిదీ యాభై తొమ్మిదికి పడుతుంది."

"ఎవడన్నాడు?"

"నేనే అంటున్నా. ఆ చీటీ తప్పు."

మేస్త్రి నవ్వాడు. "నీ చీటీ తప్పేంట్రా?"

శేషం చెప్పాడు. నూట తొంభై తొమ్మిది దగ్గర ఆపడం, పుస్తకం తెరవడం, ఎర్ర పెన్సిలు సొరుగులో పెట్టడం, ఆరు నెలల తర్వాత వచ్చిన సున్నా, అన్నీ.

మేస్త్రి కుడి చెవి ఇటు తిప్పి విన్నాడు. "అప్పుడు ఒంట్లో బాగోలేదా?" అన్నాడు.

"బాగానే ఉంది."

"ఇంట్లో ఎవరికైనా?"

"అందరూ బాగానే ఉన్నారన్నా. అలిసిపోయాను, అంతే."

మేస్త్రి ఏదో ఒక కారణం దొరికితే క్షమించేద్దామని వెతికినట్టున్నాడు. దొరకలేదు. చివరికి "తొమ్మిదింటికి రా" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు తొమ్మిదిన్నరకి ఇద్దరూ మ్యూజియం హాల్లో ఉన్నారు. కుర్చీలు వేసి ఉన్నాయి, మనుషులింకా రాలేదు. ఊడ్చే ఆవిడ ఒక్కతే తడిగుడ్డతో నేల తుడుస్తోంది. మేస్త్రిని అద్దాల పెట్టె పక్కన, కుడి చెవి అటు ఉండేలా కూర్చోబెట్టాడు శేషం. పూస తను బయల్దేరిన చోటి గుర్తుని ఆనుకునే ఉంది. కదులుతున్నట్టే లేదు.

టంగుమంది. చిన్న దెబ్బ. ఊడ్చే ఆవిడ తలెత్తి "ఏం పడిందండీ?" అంది.

"ఎంతయింది?" అన్నాడు మేస్త్రి.

"తొమ్మిదీ యాభై తొమ్మిది."

"కచ్చితంగా?"

"కచ్చితంగా అన్నా."

మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు. "అయితే నా పళ్ళు ఒక్కటీ తప్పలేదు. ఇరవై ఏళ్ళలో ఒక్కటీ జారలేదు" అన్నాడు. అతనికి సంతోషమూ దుఃఖమూ రెండూ ఒకేసారి వచ్చాయి, ఏది ఎంతో విడదీయడం ఎవరి తరమూ కాదు.

పదకొండింటికి హాలు నిండింది. కెమెరాలు పైకి లేచాయి. పదకొండు దాటింది. పదకొండూ అయిదు. జనం దగ్గడం మొదలుపెట్టారు. మ్యూజియం కొత్త డైరెక్టరమ్మ మైకు తీసుకుని, పాతకాలపు పని కదా, చక్రాల కోతలో ఏదో చిన్న లోపం ఉండొచ్చు అంది. శేషం లేచి నిలబడ్డాడు.

"కోత తప్పు కాదమ్మా. లెక్క తప్పు. లెక్క నాది. దెబ్బ తొమ్మిదీ యాభై తొమ్మిదికే పడిపోయింది. ఈయన కోసినవి నేనిచ్చిన చీటీ ప్రకారం నిమిషం తేడా లేకుండా ఉన్నాయి."

ఎంత తేడా అని ఎవరో అడిగారు. ఇరవైన్నర ఏళ్ళకి అరవై ఒక్క నిమిషాలన్నాడు. హాలంతా హాయిగా నవ్వేసింది. అంతేనా, మా ఆఫీసులో రోజూ అంత ఆలస్యం అన్నాడొకాయన. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. డైరెక్టరమ్మ, చక్రాలు మారిస్తే వచ్చేసారికి సరిపోతుందిగా, సరైన అంకెలు ఇవ్వండి, కొత్త మిషన్ల మీద కోయిద్దాం అంది. తిడతారనుకుని ఇరవై ఏళ్ళు భయపడినవాడికి ఆ చప్పట్లు తిట్ల కన్నా కష్టంగా ఉన్నాయి. చప్పట్లు కొట్టనివాడు మేస్త్రి ఒక్కడే.

ఆటోలో ఇంటికి వచ్చేశారు. మేస్త్రి కూతురు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఉంది. "రా బాబాయ్, దెబ్బ విన్నారా?" అంది. మేస్త్రి మంచం మీద కూర్చుని, శేషానికి కుర్చీ చూపించాడు.

"ఆ అంకెలు రాసివ్వు" అన్నాడు.

శేషం జేబులోంచి కాగితం తీసి రాశాడు. 211, 223, 229. కింద ఎర్ర గీత అక్కర్లేదు. పాత రోజుల్లోలాగే మడత పెట్టకుండా చేతికిచ్చాడు. మేస్త్రి దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, కూతురి వైపు చాపాడు.

"ఈ మూడూ గుణించమ్మా."

ముప్ఫై తొమ్మిదేళ్ళలో శేషం చీటీని ఎవరూ గుణించలేదు.

కూతురు ఫోను తీయబోయింది. "అందులో కాదు, కాగితం మీద చెయ్యి" అన్నాడు మేస్త్రి. ఆమె ఇద్దరి ముఖాలూ చూసి, పోస్టాఫీసు కవరు వెనక్కి తిప్పి గుణించడం మొదలుపెట్టింది. పది నిమిషాలు పట్టింది.

"కోటీ ఏడు లక్షల డెబ్భై అయిదు వేల నూట ముప్ఫై ఏడు. అదేనా నాన్నా?"

"అదే."

శేషం చెప్పులు వేసుకోవడానికి లేవబోయాడు.

"కూర్చో తమ్ముడూ" అన్నాడు మేస్త్రి. కూతురి వైపు తిరిగి, "ఇంకోసారి చెయ్యమ్మా" అన్నాడు.

శేషం కూర్చున్నాడు.